మాట వచ్చును, బొమ్మ రాదు

ఇంటిలో టెలివిజను చెడిపోయినప్పుడు మెకానిక్కుతో మనము చెప్పు మొదటి మాట సాధారణముగా ఒక్కటే: "మాట వస్తోందండీ, బొమ్మే రావడం లేదు." మన దేశమున ఈ మాట పుట్టి అరువది యేండ్లు దాటినది. ఇంతలో పెట్టె లోపలి నిర్మాణము ఆమూలాగ్రముగా మారుచు వచ్చినది. ఫిర్యాదు మాత్రము మారలేదు. అయితే ఒక కాలమున ఆ ఫిర్యాదునకు చికిత్స అరగంటలో ముగిసెడిది. వేరొక కాలమున అది ఇంటివారి నెలల పొదుపును మ్రింగెడిది. నేడు అదే ఫిర్యాదు కొన్ని ఇండ్లలో స్వల్పవ్యయముతో తీరుచున్నది, కొన్ని ఇండ్లలో పెట్టెను గుమ్మము దాటించుచున్నది.

బాగుచేయించవలెనా, క్రొత్తది కొనవలెనా అనునది ఇంటి పద్దునకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె కనిపించును. దాని వెనుక ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రను తరచి చూచినచో, ఈ తీర్పు జబ్బు తీవ్రతను బట్టి జరిగినది చాల తక్కువ యని తేలును. బొమ్మను చూపెడి భాగమును మనిషి చేయి అందుకొనగలిగినంత కాలము మరమ్మతు గెలిచినది. అందని చోట ఓడినది. ఆ కథను మేమిచ్చట కొంత చెప్పదలచితిమి.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైనది. అది ఆకాశవాణి ఇంటి బిడ్డయే. 1965లో దైనందిన ప్రసారము ఆరంభమైన పిదపను, 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ప్రత్యేక శాఖగా వేరుపడువరకును, అది ఆకాశవాణి పోషణలోనే పెరిగినది. ప్రసారము మాత్రమే కాదు, పెట్టెను బాగుచేయు విద్యయు రేడియో ఇంటినుండియే అరణముగా వచ్చినది. వాల్వు రేడియోలను బాగుచేయుచు చేయి తిరిగినవారే మన తొలి టెలివిజను మెకానిక్కులు. వెనుక అట్ట విప్పిన రేడియో, ప్రక్కన కాగుచున్న సోల్డరింగు ఇనుము, అంచులు నలిగిన సర్క్యూటు పటము, బల్ల క్రింద చచ్చిన వాల్వులతో నిండిన డబ్బా: ఆ దుకాణములను చూచినవారు నేటికిని మనలో పలువురు గలరు.

వాల్వులతో పనిచేయు యంత్రమునందు ఒక గొప్ప సౌలభ్యము కలదు. అది బ్రతికియున్నదో లేదో కంటికి కనిపించును. గాజుబుడ్డిలోని తీగె దీపపు వత్తివలె ఎర్రగా వెలుగుచుండును. వెలుగనిది పోయినది. దానిని సాకెట్టునుండి చేతితో పీకి వేరొకటి గ్రుచ్చినచో చాలును. సోల్డరింగు ఇనుమును వేడిచేయ నక్కరయే లేదు. వాల్వు అరుగుట సహజమని తయారుచేసినవారికి ముందే తెలియును గనుకనే దానిని పీకుటకు వీలుగా అమర్చిరి. విద్యుద్దీపము మాడిపోయినచో ఇంటిని మార్చుకొనము గదా! వాల్వు విషయమును అట్టిదే.

ఆ కాలపు పెట్టెలో మాట వచ్చి బొమ్మ రాకపోవుటకు ఎక్కువ పర్యాయములు కారణము ఒక్క చోటనే యుండెడిది. బొమ్మను గీయు ఎలక్ట్రానుల ధార తెరవరకు వేగముగా పోవలెనన్నచో పది పదునైదువేల వోల్టుల పీడనము కావలెను. దానిని పుట్టించు భాగమునకు మన మెకానిక్కులు ఇ.హెచ్.టి. అని పేరు పెట్టిరి. ఆ మూడక్షరములు ఇంగ్లీషు రానివారి నోటను నలిగి, పల్లెపట్టులవరకు పోయినవి. పెట్టెలోని భాగములన్నింటిలోను ఎక్కువ శ్రమ పడునది అదియే గనుక ముందుగా అలసిపోవునదియు అదియే. ధ్వని మార్గము వేరు గనుక ఇచ్చట చీకటి క్రమ్మినను అచ్చట వార్తలు వినబడుచునే యుండెడివి.

ఆ భాగము పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు అనుభవజ్ఞుడైన మెకానిక్కు మీటరును తీసెడివాడు కాడు. తెరకు దగ్గరగా మోచేతిని పెట్టెడివాడు. రోమములు నిక్కపొడుచుకొనినచో అధికపీడనము తెరవరకు వచ్చుచున్నదని అర్థము. మరియొక గురుతు కలదు. మన దేశపు ప్రసార పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, క్షణమునకు 25 బొమ్మలు. అనగా ధార అడ్డముగా క్షణమునకు 15,625 పర్యాయములు పరుగిడును. ఆ పరుగు సన్నని ఈలవలె వినబడును. అయితే వయసు మీరిన చెవులకు అంత సన్నని ధ్వని అందదు. అందువలన మెకానిక్కు తాను వెనుక కూర్చుండి, దుకాణములోని కుర్రవానిని "ఈల వస్తోందిట్రా?" అని అడుగుట వింత కాదు.

రోగము కనుగొనుటలో టెలివిజను పెట్టెకు సాటివచ్చు యంత్రము లేదని మేమనుకొందుము. దాని ముఖమే దాని జాతకము. తెర నడుమ ఒకే ఒక అడ్డగీత ధగధగ మెరయుచున్నదనుకొనుడు. అడ్డు పరుగు సరిగనే యున్నది, నిలువు పరుగు ఆగినదన్నమాట. ఇక పెట్టెలోని నాలుగవ వంతును మాత్రమే వెదకిన చాలును. బొమ్మ పైకి దొర్లుచున్నచో నిలువు తాళము తప్పినది. ఏటవాలు చారలుగా చీలిపోయినచో అడ్డు తాళము తప్పినది. తెరపై వెలుగున్నది గాని బొమ్మకు బదులు ఇసుక చల్లినట్లు చుక్కలే యున్నచో, పెట్టెను విప్పకముందు డాబాపైకి ఎక్కి ఏంటెన్నాను చూడవలెను. కాకి వాలి దానిని త్రిప్పియుండవచ్చును, వాననీరు దిగి తీగె కుళ్లియుండవచ్చును. బొమ్మకు నాలుగు వైపుల నల్లని అంచు వచ్చి కుంచించుకొనిపోయినచో ఊరిలో కరెంటు తగ్గియుండవచ్చును, లేదా లోపలి విద్యుత్ సరఫరా నీరసించియుండవచ్చును. ఇంటి యిల్లాలు తెరను చక్కగ వర్ణించి చెప్పగలిగినచో సగము పని అయినట్లే. మంచి మెకానిక్కు స్క్రూడ్రైవరు తీయుటకు ముందు పది ప్రశ్నలు వేసెడివాడు. వేయనివాని విషయమున ఇంటివారు కొంచెము జాగరూకులై యుండుట మేలు.

ఇతర దేశములలోను వాల్వుల కాలము మరమ్మతుకాలమే. అమెరికాలో 1950, 60 దశాబ్దములయందు మందుల దుకాణములలో వాల్వులను పరీక్షించు యంత్రము లుండెడివి. గృహస్థు తన పెట్టెనుండి అనుమానము గల వాల్వులను పీకి సంచిలో వేసికొనిపోయి, తానే పరీక్షించుకొని, చచ్చినదానికి బదులు కొనుక్కొని వచ్చెడివాడు. బ్రిటనులో పెట్టెలు తరచుగ చెడుచుండుటచేత అనేక కుటుంబములవారు కొనుట మాని అద్దెకు తెచ్చుకొనిరి. మరమ్మతు అద్దెలోనే కలిసియుండెడిది. అచ్చట బాగుచేయుటయా, మార్చుటయా అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు గృహస్థు కాదు, అద్దెకిచ్చిన వ్యాపారి.

మరల మన దేశమునకు వత్తము. ఈ ప్రశ్న మిక్కిలి వింత రూపమున ఎదురైనది తెలుగు పల్లెలలోనే. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు సరిగా ఒక్క సంవత్సరము మన దేశమున ఉపగ్రహ టెలివిజను ప్రయోగము జరిగినది. సైట్ అని దానికి పొట్టిపేరు. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఆ ఒక్క యేడు మనకు ఎరువిచ్చిరి. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. నాటి ఆంధ్రప్రదేశమున మెదకు, హైదరాబాదు, మహబూబ్‌నగరు, కర్నూలు జిల్లాల పల్లెలు అందులో నుండెను. పెట్టెలను తయారుచేసినది మన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. 1967లో నెలకొల్పబడిన ఆ సంస్థను ఇ.సి.ఐ.ఎల్. అని అందరెరుగుదురు. ప్రతి పెట్టెకు మూడు మీటర్ల వ్యాసము గల ఏంటెన్నా. అది కోళ్ల గూటికి వాడు తీగెవల వంటి వలతో చేసిన పెద్ద గొడుగు. దాని నడుమ అందిన సంకేతమును పెట్టెకు అర్థమగునట్లు మార్చు చిన్న యంత్రము. పొద్దుట పిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు ప్రసారము. ఒకే బొమ్మకు రెండు ధ్వనిమార్గము లుండుటచేత ఒకే దృశ్యమును రెండు భాషలవారు వినుటకు వీలు కలిగినది.

ఇచ్చట పెట్టె చెడినచో లెక్క ఎట్లుండునో ఆలోచింపుడు. పెట్టె ఒక ఇంటిది కాదు, ఊరందరిది. బడి ముందరనో పంచాయతీ ఆవరణలోనో వందలాది జనము కూర్చుండి చూచునది. అది ఒక్క సాయంకాలము మూగపోయినచో ఊరంతటికి ఒక సాయంకాలము పోయినది. పది దినములు పోయినచో పది సాయంకాలములు. వాటిని మరల సంపాదించుటకు వీలు లేదు. జూలై 31 దాటగనే ఉపగ్రహము తిరిగి పోవును. కావున ఆ యేడు మరమ్మతు విలువను రూపాయలలో లెక్కించుట కుదురలేదు, దినములలో లెక్కింపవలసి వచ్చినది. బాగుచేయుట లాభమా నష్టమా అని తర్కించుచు కూర్చుండిన మరుక్షణమే నష్టము జరిగిపోవుచుండెను. రోడ్డు లేని ఊరు, వర్షాకాలమున పొంగు వాగు, హెచ్చుతగ్గుల కరెంటు, ఎండ, దుమ్ము, పెట్టెలో గూడు కట్టు బల్లి: వీనినన్నింటిని ఎదుర్కొని మరమ్మతు బృందములు తిరిగినవి. ఆ యేడు పెట్టెలలో అత్యధికభాగము పనిచేయుచునే యుండెను. ఉపగ్రహమును గూర్చి చాల వ్రాయబడినది. ఆ జీపులలో తిరిగినవారిని గూర్చి వ్రాయబడినది తక్కువ. మా దృష్టిలో ఆ ప్రయోగము వారి భుజములపై నిలిచినది.

సైట్ ముగిసిన పిమ్మట 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. అప్పటినుండి టెలివిజను ఇంటి వస్తువయ్యెను. చెక్కపెట్టె, ముందర నలుపు తెలుపు తెర, ప్రక్కకు జరుగు చెక్క తలుపులు, రాత్రివేళ తాళము. కొందరు దానిపై కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, పూలకుండీ పెట్టెడివారు. చిన్న ఉద్యోగికి అది కొన్ని నెలల జీతము. అట్టి వస్తువు చెడినచో పారవేయుట అను మాటయే ఎవరి నోటను రాదు. మరమ్మతునకు ఎంతైనను క్రొత్తదాని వెలలో అది చిన్న పాలే. 1982లో రంగుల ప్రసారము వచ్చినది. ఆ యేటి ఆసియా క్రీడలు రంగులలో కనబడినవి. 1984లో కొన్ని నెలలపాటు దినమునకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పబడినవి. తెర చేరని పట్టణములు చేరినవాటి జాబితాలోనికి ఎక్కినవి. 1987 జనవరిలో రామాయణ ధారావాహిక ఆరంభమైన పిదప ఆదివారము ఉదయము పెట్టె చెడుట కంటె పెద్ద ఆపద ఇంటికి లేదు. ఆ గంటలో మెకానిక్కు తన ఇంట దొరకడు. దొరికినను తానును తెర ముందర చేతులు కట్టుకొని కూర్చుండియుండును.

ఆ రోజుల అలవాటు ఒకటి చెప్పక తప్పదు. బొమ్మ పోయినచో ఇంటి పెద్ద లేచి పెట్టె ప్రక్కన ఒక చరుపు చరిచెడివాడు. బొమ్మ వచ్చెడిది. చదువుకొన్నవారు దీనిని మూఢత్వమని నవ్విరి గాని అందులో శాస్త్రము లేకపోలేదు. వేడి చేయుచు చల్లారుచు నుండు భాగముల కాళ్ల వద్ద సీసము తగరము కలిపిన అతుకు క్రమముగా పగులును; కంటికి కనబడని ఉంగరమువంటి చీలిక. చరిచినప్పుడు అది క్షణకాలము అంటుకొనును. అనగా చరుపు చికిత్స కాదు గాని రోగనిర్ణయము. "కొడితే వస్తోందండీ" అని విన్నంతనే తెలివైన మెకానిక్కునకు ఖర్చు ఏమియు లేదని తెలియును: వేడి భాగముల అతుకులను మరల కరగించి వేయుటయే పని. పనిలేనివాడు ఆ మాట విని మూడు భాగములు మార్చినట్లు లెక్క వ్రాసెడివాడు. రెండు రకములవారును మాకు తారసపడిరి.

మరమ్మతునకు గట్టి హద్దు ఒక్కటే యుండెడిది: పిక్చరు ట్యూబు. పెట్టె వెలలో పెద్ద భాగము దానిదే. దాని మెడలోని గన్ను అలసినచో బొమ్మ మసకబారి, వెన్నెలలో చూచినట్లు కనబడును. పెట్టె వేసిన తరువాత పావుగంటకు గాని ముఖములు తేలవు. "ట్యూబు పోయింది" అను మాటను మెకానిక్కు మెల్లగ, బంధువులకు చావుకబురు చెప్పునట్లు చెప్పెడివాడు. అయినను మనవారు వెంటనే ఆశ వదలలేదు. మొదట గన్నులోని హీటరునకు కొంచెము హెచ్చు వోల్టేజి నిచ్చి కొన్ని నెలలు గడిపెడివారు. ముసలి ఎద్దునకు ఉలవలు పెట్టి మరియొక కారు దున్నించుట వంటిది. అదియు ముగిసినచో గాజు మెడను కోసి, క్రొత్త గన్నును అతికి, కొలిమిలో వేడిచేసి, గాలిని తీసివేసి మూసెడి చిన్న కర్మాగారములు నగరములలో వెలసినవి. రీగన్నింగు అందురు. క్రొత్త ట్యూబు వెలతో పోల్చినచో అది చవుక. అంతటి గట్టి హద్దును గూడ కొంతవరకు దాటగలిగితిమన్నచో కారణము, ఆ గాజుబుడ్డి ఎంత పెద్దదైనను దాని మెడ మన చేతికి అందుచుండుటయే.

తరువాత వచ్చిన మార్పు నిశ్శబ్దముగా వచ్చినది. అమెరికాలో మోటరోలా సంస్థ 1967లోనే క్వాసార్ అను రంగుల పెట్టెను తెచ్చినది. అందు సర్క్యూటులన్నియు బల్లసొరుగులో అమర్చిన పలకలు. చెడిన పలకను లాగి మంచి పలకను తొడిగినచో సరి. ఇది మరమ్మతునకు మేలే. కాని దీనితో ఒక విద్య మారినది: రోగమున్న భాగమును వెదకుటకు బదులు రోగమున్న పలకను వెదకుట. మన దేశమున 1990 తరువాత ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటే కలిసి ఒకే ఐ.సి.గా, పలకలన్నియు ఒకే బోర్డుగా కుదించుకొనిపోయినవి. హైదరాబాదు కోఠీ ప్రాంతపు గుజరాతీ గల్లీలోను, మదరాసు రిచీ వీధిలోను చవుక చైనా కిట్లు దొరకినవి. పెట్టె చట్రము, ట్యూబు పాతవే ఉంచి లోపలి బోర్డును పూర్తిగ మార్చి వేయుట ఆరంభమైనది. పై పేరు ఒక సంస్థది, లోపలి ప్రాణము మరియొకరిది. దీనిని మోసమని కొందరనిరి. ట్యూబు మంచిదై యుండగా మిగిలినదాని కొరకు పెట్టెను పారవేయుట కంటె ఇది మేలని మా అభిప్రాయము.

పలుచని తెరలు వచ్చినప్పుడు లెక్క తలక్రిందులైనది. గాజుబుడ్డి పోయినది, ఇ.హెచ్.టి. పోయినది, ఈల పోయినది. వెనుక మూత విప్పినచో లోపల ఆశ్చర్యము గొలుపునంత ఖాళీ. విద్యుత్తును మార్చు బోర్డు ఒకటి, ముఖ్యమైన బోర్డు ఒకటి, బొమ్మను తెరకు పంచు చిన్న బోర్డు ఒకటి. అన్నింటికి ముందర ప్యానెలు. ఈ ప్యానెలు తానుగా వెలుగదు. వెనుకనుండి వెలుతురు పడినప్పుడు దానిని అడ్డగించుచు విడచుచు బొమ్మ చూపును, తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపము వలె. మొదట ఆ దీపములు పాదరసపు ఆవిరి గల సన్నని గొట్టములు, తరువాత ఎల్.ఇ.డి. పట్టీలు.

ఇప్పుడు మన పాత ఫిర్యాదును మరల వినుడు. మాట వచ్చుచున్నది, బొమ్మ లేదు. గదిని చీకటి చేసి, పెట్టెను వేసి, టార్చి వెలుతురును తెరపై ఏటవాలుగ పట్టి చూడవలెను. ఆ వెలుతురులో మసక మసకగా బొమ్మ కదలుచున్నచో ప్యానెలు బాగుగనే యున్నది. వెనుక దీపము మాత్రమే ఆరినది. పట్టీలోని ఎల్.ఇ.డి.లు గొలుసుకట్టుగ నుండుటచేత ఒక్కటి మాడినను వరుస మొత్తము ఆరిపోవును. పట్టీలు చవుక. కూలి దానికంటె ఎక్కువ, ఎందుకన్నచో వాటివరకు పోవుటకు ప్యానెలును ఎత్తవలెను. అప్పడమువంటి ఆ గాజు వంగినచో పగులును. అసలు దీపమే రాని పెట్టెలో విద్యుత్ బోర్డుపై కెపాసిటర్ల నెత్తి ఉబ్బియున్నచో రోగము దొరికినట్లే. అంతకంటె చవుక మరమ్మతు వేరొకటి లేదు. ఇంటివారు తాము విప్పి చూడదలచినచో ఒక్క హెచ్చరిక: ప్లగ్గు తీసిన తరువాతను ఆ బోర్డులోని పెద్ద కెపాసిటరు కొంతసేపు విద్యుత్తును దాచుకొనియుండును. పాత పెట్టెలలో ట్యూబు ఇంకను ఎక్కువసేపు దాచుకొనెడిది. అనుభవము లేనివారు చేయి పెట్టరాదు.

టార్చి వెలుతురులోను బొమ్మ కనబడనిచో అనుమానము ఇతర బోర్డులపైకి పోవును, అంతవరకు ఆశ కలదు. తెరపై సాలెగూడువంటి పగులు, లేదా పైనుండి క్రిందికి రంగురంగుల గీతలు, లేదా సగము తెర వెలవెలబోవుట కనబడినచో ప్యానెలు వంతు వచ్చినదని చాలవరకు నిశ్చయింపవచ్చును. గాజు అంచున వెంట్రుక కంటె సన్నని తీగెల వందలకొలది కొసలను వేడితో అదిమి అతికియుందురు. ఆ అతుకును మరల వేయు యంత్రములు కొన్ని నగరములలో ఉన్నవి గాని మన వీధి దుకాణములోని ఇనుమునకు ఆ పని లొంగదు. క్రొత్త ప్యానెలు వెల క్రొత్త టెలివిజను వెలకు చేరువగ నుండును. వెలలో సగము దాటినచో మరమ్మతు వలదని లోకములో ఒక వాడుక లెక్క కలదు. మేము దానికొక చిన్న సవరణ చెప్పుదుము: ముందు ఏ భాగమునకు సగము అని అడుగవలెను. బోర్డునకైనచో సగమునకు దగ్గరగ నున్నను ఆలోచింపవచ్చును, ఎందుకన్నచో పెట్టెలో ఖరీదైన భాగము ఇంకను బ్రతికియున్నది. ప్యానెలు విషయమున ఆ ఆలోచన అక్కరలేదు.

ప్రభుత్వములు ఈ విషయమున కలుగజేసికొనుట ఇటీవలి మాట. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి 1 నుండి అమలైన నియమము ప్రకారము టెలివిజను తయారీదారులు విద్యుత్ సరఫరా భాగము, పెద్ద కెపాసిటర్లు, కనెక్టర్లు మొదలైనవానిని ఏడేండ్లపాటు మరమ్మతుదారులకు అందుబాటులో నుంచవలెను. ఆ జాబితాను మేము శ్రద్ధగా చదివితిమి. అందులో ప్యానెలు లేదు. అనగా చట్టము గూడ మన మెకానిక్కు ఆగిన చోటనే ఆగినది. మన దేశమున 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక సమాచార వేదికను తెరచినది. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు 2012 నుండి అమలులో నున్నవి. 2023 ఏప్రిల్ నుండి అవి క్రొత్త రూపము ధరించినవి. పాత ట్యూబు గాజులో కిరణములను ఆపుటకై కలిపిన సీసము ఒక్కొక్క పెట్టెలో కిలోల లెక్కన కలదు. రాగికొరకు ఆ మెడను పెంటకుప్పపై పగులగొట్టువారిని చూచినప్పుడు, పారవేయుట అనగా పెట్టె ఎక్కడికో పోవుట కాదని, మన ఊరి చివరకే పోవుచున్నదని గుర్తునకు వచ్చును.

మా ఇంటి టెలివిజను సంగతి చెప్పి ముగింతుము. కొన్నేండ్ల క్రితము ఒక రాత్రి వార్తలు చూచుచుండగా తెర నల్లబడినది. మాట ఆగలేదు. అమ్మిన వారి సేవాకేంద్రమునకు తెలుపగా వారి మనిషి వచ్చి, మూత విప్పకుండగనే ప్యానెలు పోయినదని, క్రొత్త పెట్టె కొనుట మేలని చెప్పి, వచ్చినందులకు రుసుము పుచ్చుకొని వెడలెను. మా వీధి చివర ఒక ముసలి మెకానిక్కు కలడు. ఇ.సి.ఐ.ఎల్. చెక్కపెట్టెల కాలమునుండి పని చేయుచున్నవాడు. ఆయన వచ్చి, దీపము లార్పించి, తన చొక్కా జేబులోని టార్చి తీసి తెరపై పట్టెను. వార్తలు చదువు ముఖము నీటిలోని నీడవలె కదలినది. "లైటు పట్టీలండీ. ప్యానెల్ బంగారంలా ఉంది" అనెను. మరునాడు మనుమని తోడు తెచ్చుకొని, ఇద్దరును చెరియొక అంచు పట్టి ప్యానెలును మంచముపై పరచిన దుప్పటిమీదికి దింపి, పట్టీలు మార్చిరి.

ఆ పెట్టె మరి మూడేండ్లు నడచినది. అటు తరువాత ఒకనాడు కుడివైపున నిలువు గీతలు వచ్చినవి. వారములో సగము తెర తెల్లబోయినది. ఆయననే పిలిచితిమి. ఈమారు టార్చి తీయలేదు. తెర పై అంచును బొటనవ్రేలితో మెల్లగ నొక్కెను. గీతలు జరిగినవి, వ్రేలు తీయగనే మరల యథాస్థానమునకు వచ్చినవి. సంచిని విప్పకుండగనే లేచెను. ఎంతైనను పరవాలేదు, చేయించుమని మేమంటిమి.

"వద్దు సార్. ఇది నా చేతిలో పని కాదు. డబ్బు దండగ" అనెను.

వచ్చిన శ్రమకు ఇవ్వబోయిన సొమ్మును పుచ్చుకొనలేదు. కొంచెము తటపటాయించి, "పవరు బోర్డు, పట్టీలు ఇంకా మంచివే. మీకు అక్కర్లేకపోతే నేను పట్టుకెళ్తానండీ, ఎవరికైనా పనికొస్తాయి" అని అడిగెను. ఇచ్చితిమి. అతని మనుమడు వానిని పాత వార్తాపత్రికలో చుట్టి, సైకిలు బుట్టలో పెట్టుకొని పోయెను.